హెడ్డు నట్లు నాలుగు

212వ పేజీ
తెల్ల పంపు ఆగిన ఐదో రోజు. నీరు మూడో గాటుకు అర జానెడు కింద.

ఈ ఇంజను పుస్తకంలో 211 పేజీలు సత్యవేణి రాసింది. ఇక్కడి నుంచి రాసేది నేను, ఆమె భర్తను.

ముందు ఆ రోజు సంగతి రాయాలి. పుస్తకంలో ఆ రోజు ఖాళీగా ఉంది. ఆమె ఏ రోజునూ ఖాళీగా వదిలేది కాదు.

పదహారో తారీకు, బుధవారం. ఆరింటికి లేచింది. చద్దన్నంలో మజ్జిగ పోసుకుని తింది. ఏడింటికి ఇంజను పాకలోకి వెళ్లింది. పంతొమ్మిదిన, అంటే ఇంకో మూడు రోజుల్లో, ఊటలంక తెల్ల పంపు ఆగుతుంది. అలా ఆపేస్తామని జలమండలి నుంచి ఇంటింటి తెర పలకల మీద ప్రకటన వచ్చి అప్పటికి వారం. లంకలో ఊరే ఉప్పునీటిని తోడేసే ఆ మండలి పంపుకు మూత విప్పే మరలు లేవు. అది ఎక్కడినుంచో నడుస్తుంది, ఎక్కడినుంచో ఆగుతుంది. అందుకే ఆమె పాత ఇంజనును బయటికి తీసింది. సిలిండరు మీద మూతలా కూర్చునే హెడ్డు దగ్గర గ్యాసు కారుతోంది, విప్పి మళ్లీ బిగించాలి అంది.

నేను వరండాలో మండలికి అర్జీ రాస్తున్నాను. తొమ్మిదిన్నరకు పిలిచింది. హెడ్డు విప్పి బల్ల మీద పెట్టి, పైన తడిగుడ్డ కప్పింది. నాలుగు నట్లనూ అట్టముక్కకు నాలుగు చిల్లులు పొడిచి, ఏ మూలది ఆ మూలనే దిగేసింది.

"రేపు మీరు ఓ చెయ్యేస్తే ఎక్కించేద్దామండీ. ఆ నట్లు మాత్రం కలిపేయకండి" అంది.

సరే అన్నాను. కాస్త కూర్చుంటానని పీట మీద కూర్చుంది. నేను అర్జీలో ఒక వాక్యం మిగిలిందని వెళ్లాను. తిరిగి వచ్చేసరికి గోడకు ఆనుకుని ఉంది. చేతులకు గ్రీజు అలాగే ఉంది. వైద్యపడవ నలభై నిమిషాల్లో వచ్చింది. త్వరగానే వచ్చిందని చెప్పాలి. గుండె అన్నారు. మర్నాడు కరకట్ట మీద దహనం.

నట్లు కలిపేయలేదు.

213వ పేజీ
ఆరో రోజు. మూడో గాటుకు రెండు వేళ్లు కింద. రోజుకు నాలుగు వేళ్ల చొప్పున ఊరుతోంది.

తూము దగ్గర పాతిన తాటి గుంజకు సత్యవేణి మూరకో గాటు పెట్టింది. అడుగు నుంచి లెక్క. నాలుగో గాటు దగ్గర మండలి వాళ్లు ఎర్ర గీత గీశారు. ఉప్పునీరు ఆ గీత దాటితే మంచినీటి బావి పోతుంది, నారుమడి పోతుంది, లంక నివాస జాబితాలోంచి పోతుంది. నలభై ఒక్క ఇళ్లనూ పడవల్లో మెట్ట టవర్లకు తరలిస్తారు. పన్నెండో రోజున తనిఖీ.

అర్జీలో ఆ రోజు మిగిలిన వాక్యం ఇది: "పదకొండో నిబంధన ప్రకారం, లంకవాసులు సొంత సాధనంతో నీటిని మూడు రోజులు గీత కింద ఉంచితే జాబితాలో కొనసాగుతారు, మేము ఆ హక్కు వాడుకుంటున్నాము." ఆమె దహనమైన సాయంత్రం పంపాను. అందినట్టు జవాబు వచ్చింది.

ఉదయం పొరుగింటి అప్పయమ్మ వచ్చింది. నాకంటే రెండేళ్లు పెద్ద. నేను పాక తలుపు తీస్తుంటే చూసి ఆగింది.

"ఇంకా మైల రోజులేగా మాస్టారండీ. పదకొండో రోజు దాటనివ్వొచ్చుగా."

"నీళ్లు ఆగితే నేనూ ఆగుతాను అక్కా."

 ఆవిడ కొంగు బిగించి లోపలికొచ్చింది. "ఏం తోమాలో చెప్పండి, ఆయ్" అంది.

హెడ్డు అడుగు, సిలిండరు పైమొహం, రెండూ మసి పట్టి ఉన్నాయి. ఇనుముతో గీకొద్దని 64వ పేజీలో ఉంది. వెదురు బద్దతో గీకి, కానుగ నూనె గుడ్డతో తుడిచాం. మధ్యాహ్నానికి లోహం కనిపించింది. అద్దం ముక్క మీద హెడ్డు బోర్లించి చూశాను. ఎటు నొక్కినా ఊగలేదు. వంకర లేదు.

కానుగ నూనె ఆడించే దేవసహాయం రెండు డబ్బాలు తెచ్చి గుమ్మంలో దించాడు. ముందే తరలివెళ్తామన్న వాళ్ల పడవల జాబితాలో అతని పేరు ఉందని నాకు తెలుసు. నాకు తెలుసని అతనికీ తెలుసు.

"పదమూడో అంతస్తు ఇచ్చారండి మాకు. లిఫ్టు ఉందంట" అన్నాడు.

"మంచిది."

"మా అమ్మ రానంటందండి. ఎక్కించేది లిఫ్టు సరే, నన్ను దించేదెవర్రా అని అడుగుతుంది." తల గోక్కున్నాడు. "ఇది తిరుగుద్దంటారా?"

"తిరగాలి."

"మీరు పాఠం చెప్పే మనిషి కదండీ. స్పానరు పట్టింది ఎప్పుడూ చూళ్లేదు, అందుకని అడిగాను."

నిజమే. ఇరవై రెండేళ్లు కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను. కాలేజీలు మూసేశాక ఇక్కడికొచ్చాను. ఆమె ఇంజను విప్పితే నేను దీపం పట్టుకునేవాణ్ణి.

214వ పేజీ
ఏడో రోజు. మూడో గాటు దాటి రెండు వేళ్లు.

హెడ్డుకూ సిలిండరుకూ మధ్య వేసే రాగి ప్యాకింగు ఇప్పుడు కొత్తది దొరకదు. పాతదాన్నే కాల్చి మెత్తబరచాలి. కొబ్బరి చిప్పల బొగ్గు మీద ఎర్రబడేదాకా ఉంచి నీళ్లలో ముంచాను. గట్టిబడిన రాగి అలా చేస్తే మళ్లీ లొంగుతుంది. ఈ సంగతి నేను బోర్డు మీద చాలాసార్లు రాశాను. చేతిలో వంగడం ఈరోజే చూశాను.

బిగించే పద్ధతి 171వ పేజీలో ఉంది. ఆమె మాటలే ఎత్తిరాస్తున్నాను.

"హెడ్డు నట్లు నాలుగు. పక్కపక్కవి బిగించకూడదు, ఎదురెదురు మూలలు. మూడు విడతలు. స్పానరుకు పైపు తొడిగి, నట్టు నడిమి నుంచి మూర దూరాన కాటా కొక్కెం తగిలించి లాగాలి. మొదట ఏడు కిలోలు. తర్వాత పద్నాలుగు. ఆఖరుకి ఇరవై. ఇరవై మీద ఒక్క కిలో వద్దు. మూడో స్టడ్డు ఒకసారి ఊడొచ్చింది, మళ్లీ ఊడితే సిలిండరే పోతుంది."

కాటా అంటే చేపలు తూచే స్ప్రింగు కాటా. స్టడ్డు అంటే సిలిండరులోంచి పైకి లేచి నట్టు ఎక్కే మరకడ్డీ. ఆమె పాత పైపు తుప్పుపట్టి విరిగిందని 187వ పేజీలో రాసి ఉంది. కొత్త పైపు తీసుకుని, మోచేయి ఆనించి మూర కొలిచి, వేలి కొస దగ్గర రంపంతో గీత పెట్టాను.

అప్పయమ్మ కాటా ముల్లు చూసి చెబుతుంటే నేను లాగాను. ఏడు. పద్నాలుగు. ఇరవై. ఎదురెదురు మూలలు. ఇరవై మీద ఒక్క కిలో లాగలేదు.

215వ పేజీ
ఎనిమిదో రోజు. మూడో గాటు దాటి ఆరు వేళ్లు.

వాల్వు సందుకు ఆమె తాటాకు ముక్క వాడేది. ఆకు సందులో జారాలి, కానీ పట్టుకుని జారాలి. ఆమె వాడిన ఆకు పుస్తకంలోనే ఉంది, 90వ పేజీ దగ్గర. రెండు వాల్వులూ దానికే సరిచేశాను.

పదింటికి హ్యాండిల్ తిప్పాను. నాలుగోసారికి అంటుకుంది. పంపు నీరు పట్టింది. దేవసహాయం టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఆరు నిమిషాలు నడిచింది. తర్వాత తొట్టిలో చల్లదనానికి పోసిన నీళ్లలో బుడగలు లేచాయి. ముందు ఒకటి రెండు, తర్వాత ఉడుకుతున్న పప్పులా. ప్యాకింగు పక్కనుంచి గ్యాసు నీళ్లలోకి తన్నుతోంది. బలం చచ్చిపోయి శబ్దం బరువెక్కింది. ఆపేశాను.

"ఇంకాస్త బిగిస్తే?" అన్నాడు దేవసహాయం.

"ఇరవై మీద వద్దని రాసింది."

"కాటా సరిగ్గా లేదేమోనండి."

అతని నూనె తూకం రాళ్లతో కాటాను చూశాం. సరిగ్గానే ఉంది.

మొత్తం విప్పాను. నట్లు అట్టముక్క మీద ఎవరి మూల వాళ్లకు. ప్యాకింగు మీద మసి గీత ఒకచోట స్పష్టంగా ఉంది. మిగతా చుట్టూ సిలిండరు అంచు అచ్చు పడాల్సినంత లోతుగా పడలేదు. నొక్కుడు చాలలేదు. ఇరవై లాగాను. అయినా చాలలేదు.

ఆమె లెక్క తప్పని అనుకోవడానికి మనసొప్పలేదు. ఇది రుజువు కాదని తెలుసు.

216వ పేజీ
తొమ్మిదో రోజు. మూడో గాటు దాటి పది వేళ్లు.

తనిఖీ అధికారి మూడు రోజులు ముందే వచ్చింది. పేరు నిషిత. ముప్పై ఏళ్లుంటాయి. బురదలో నడవడం అలవాటు లేదు, కానీ మోయించుకోలేదు. నేరుగా పాకలోకి వచ్చి విప్పి ఉన్న ఇంజను చూసింది. విప్పిన యంత్రాన్ని ఎప్పుడూ చూడలేదేమో, బల్లకు రెండడుగుల దూరంలో ఆగింది.

"మాస్టారు గారూ, లైసెన్సు లేకుండా యంత్రం విప్పడం నేరం. ఎవరు విప్పారు?"

"మా ఆవిడండి."

"ఆవిడను పిలుస్తారా?"

"చనిపోయింది. నేను బిగిస్తున్నాను. బిగించడం నేరమని ఎక్కడా రాయలేదు, చూశాను."

ఆమె పలక తీసి ఏదో వెతికింది. దొరికినట్టు లేదు. స్వరం తగ్గించింది. "పదకొండో నిబంధన ఇప్పటివరకు ఎవరూ వాడలేదండీ."

"ఉందిగా."

"ఉంది. పన్నెండో రోజు ఉదయం నుంచి పద్నాలుగో రోజు సాయంత్రం దాకా. రోజుకు రెండుసార్లు నేనే కొలుస్తాను. ఒక్కసారి దాటినా పడవలు వస్తాయి." వెళ్లబోతూ ఆగింది. "టవర్లో మీకు కింది అంతస్తు ఇప్పించగలను. ఒంటరి వారికి ప్రాధాన్యం ఉంది."

"వద్దమ్మా."

"ఆవిడ జ్ఞాపకం కోసమైతే…"

"జ్ఞాపకం ఎక్కడికైనా వస్తుంది. బావి రాదు."

ఆమె వెళ్లాక పీట మీద కూర్చున్నాను. అదే పీట. అప్పయమ్మ అన్నం తెచ్చింది. మర్నాడు పదమూడో రోజు కర్మ. దానికి పూల సంగతి మాట్లాడుతోంది, నేను వింటున్నానో లేదో చూడకుండా.

"పడవలో పూలమ్మి వస్తుంది కదండీ, రెండు మూరలు చెప్పాను. కనకాంబరాలు, వేణమ్మకు ఇష్టం. పూలమ్మి ఏమందో తెలుసా. అమ్మయ్య, ఇన్నేళ్లకు నా చేత్తో నేను కొలిచి ఇస్తున్నాను అంది. వేణమ్మ ఏనాడూ దాన్ని కొలవనిచ్చేది కాదండీ. దండ లాక్కుని తన చేత్తోనే కొలిచేది. ఆవిడ చెయ్యేమో చేంతాడంత. రెండు మూరలు కొంటే దానికి రెండున్నర పోయేది. ఒకటే తిట్లు, ఒకటే నవ్వులు."

అన్నం ముద్ద చేతిలో అలాగే ఉండిపోయింది.

సత్యవేణి నాకంటే పొడవు. పెళ్లి ఫొటోలో ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి నన్ను పక్కన నిలబెట్టారు. ఫొటోగ్రాఫరు ఎవర్నీ అడగలేదు. చూస్తే తెలిసేది.

చెయ్యి కడుక్కుని తూము దగ్గరికి వెళ్లాను. అప్పయమ్మ వెనకాలే వచ్చింది, నాకేదో అయిందనుకుని. తాటి గుంజ మీద నాలుగో గాటు, ఐదో గాటు నీటికి పైన, పొడిగా ఉన్నాయి. రెండింటి మధ్య నా చెయ్యి ఆనించాను. మోచేయి నాలుగో గాటు మీద పెడితే నా వేళ్లు ఐదో గాటును అందలేదు. కొలబద్ద పెట్టాను. గాట్ల మధ్య నలభై ఏడు సెంటీమీటర్లు. నా మూర నలభై ఒకటి.

నలభై ఒకటి ఇంటూ ఇరవై, ఎనిమిది వందల ఇరవై. ఉండాల్సింది తొమ్మిది వందల నలభై. బలం ఎంత అని చూశాను, దూరం ఎవరిది అని చూడలేదు. ఈ తప్పు చేసిన ఇంటర్ కుర్రాళ్లకు ఇరవై రెండేళ్లు మార్కులు కోశాను.

"ఏమైందండీ?" అంది అప్పయమ్మ.

"నా చెయ్యి పొట్టిది అక్కా."

"అది ఊరందరికీ తెలుసు కదండీ" అంది. తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నేను చూడలేదు. నేను గుంజ వైపే చూస్తున్నాను. ఈ గాట్లు ఆమె ఒక్కొక్కటే చెయ్యి ఆనించి పెట్టింది. పై రెండూ నీటికి ఎప్పుడూ తడవలేదు.

217వ పేజీ
పదో రోజు. మూడో గాటు దాటి పద్నాలుగు వేళ్లు.

ఉదయం కర్మ. కరకట్ట మీద అరగంట. కనకాంబరాలు. పదకొండింటికల్లా పాకలో ఉన్నాను. 

ప్యాకింగును మళ్లీ కాల్చి ముంచాను. పైపును గుంజ దగ్గరికి తీసుకెళ్లి, గాటు నుంచి గాటుకు ఆనించి కొత్త గీత పెట్టాను. పాత గీతను ఆకురాయితో చెరిపేశాను. అది నాది, దానితో పనిలేదు.

హెడ్డు దించాం. చేత్తో నట్లు తిప్పాను. పైపు, కాటా. ఏడు. ఎదురు మూల ఏడు. నాలుగూ అయ్యాక పద్నాలుగు. మూడో స్టడ్డు దగ్గర ఇరవై లాగేటప్పుడు నాకు చెమట పట్టింది. ముల్లు ఇరవై తాకింది. స్టడ్డు కదల్లేదు.

మూడున్నరకు ఇంజను అంటుకుంది. తొట్టి చుట్టూ చేరి పదిమందిమి నీళ్లలోకి చూశాం. ఆరు నిమిషాలు. పది. ఇరవై. నీళ్లు వెచ్చబడ్డాయి, ఆవిరి తీగలా లేచింది. బుడగ లేదు.

"టోపీ తియ్యరా, దండం పెట్టుకో" అంది దేవసహాయం తల్లి. ఆవిడను మంచంతో సహా మోసుకొచ్చారు.

"పోయినసారి తీస్తే ఆగిపోయిందే. ఈసారి పెట్టుకునే ఉంటాను" అన్నాడు.

గంట నడిపి ఆపాను. ఒకసారి వేడెక్కి చల్లారాక రాగి ఇంకాస్త సర్దుకుంటుంది, అప్పుడు నట్లు మళ్లీ బిగించాలి. చాలామంది ఇది మర్చిపోతారు అని ఆమె రాసింది. పుస్తకంలో కింద రెండు గీతలు గీసిన వాక్యం అదొక్కటే. చల్లారేదాకా కూర్చున్నాం. బిగిస్తే నట్లు నాలుగూ కొంచెం కొంచెం తిరిగాయి. వాల్వులకు తాటాకు మళ్లీ పెట్టి చూశాను. చీకటి పడేలోపు ఇంకో గంట నడిపాం.

218వ పేజీ
పన్నెండో రోజు. మూడో గాటు.

నిన్నంతా నడిచింది. నిషిత ఉదయం కొలిచి రాసుకుంది. సాయంత్రం మళ్లీ కొలిచింది. రెండుసార్లూ గీతకు చాలా కింద. రెండోసారి కొలిచాక పాకలోకి వచ్చి బల్ల దగ్గర దాకా నడిచింది.

"ఇది ఏమిటండీ?" అని పైపు చూపించింది.

చెప్పాను. కొలతకు కొలబద్ద ఎందుకు వాడలేదని అడిగింది.

"ఆవిడ చెయ్యి ఎప్పుడూ ఆవిడ దగ్గరే ఉండేది."

ఆమె అది పలకలో రాయలేదు.

219వ పేజీ
పద్నాలుగో రోజు. రెండో గాటు దాటి నాలుగు వేళ్లు.

సాయంత్రం ఐదింటికి ఆఖరి కొలత అయింది. ఊటలంక జాబితాలో కొనసాగుతుందని నిషిత అందరి ముందూ చదివింది. దేవసహాయం పడవల జాబితాలోంచి తన పేరు కొట్టేయమన్నాడు. పదమూడో అంతస్తు ఇంకెవరికైనా ఇచ్చుకోమన్నాడు.

గంట తర్వాత పలక మీద మండలి సందేశం వచ్చింది. పదకొండో నిబంధన పునఃపరిశీలనలో ఉందట. వచ్చే నెల నుంచి సొంత ఇంజన్లకు అనుమతి రద్దు కావచ్చట. ఈలోగా స్వచ్ఛందంగా తరలివచ్చేవారికి సౌకర్యాలు పెంచారట. జవాబు పెట్టెలో ఇలా రాశాను: "పరిశీలించుకోండి. మా ఇంజను రోజూ ఆరింటికి మొదలవుతుంది. వచ్చి చూడవచ్చు."

పుస్తకం మూసేలోపు పెసరలంక నుంచి పడవ వచ్చింది. ఒక భార్య, భర్త. వాళ్ల తెల్ల పంపు నిన్న ఆగింది. పాత ఇంజను తీస్తే హెడ్డు దగ్గర గ్యాసు కొడుతోంది. ఐదేళ్ల కిందట దాన్ని బిగించింది సత్యవేణే. ఆ సంగతి ఈ పుస్తకంలో 133వ పేజీలో ఉంది.

"వేణమ్మ గారు ఉన్నారాండీ?" అని ఆవిడ అడిగింది.

"లేదు. చనిపోయింది."

ఇద్దరూ పడవలోంచి దిగలేదు. ఆయన తెడ్డు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఆగండి. పైపు ఉంది" అన్నాను.

వాళ్లకు గదిలో పక్కలు వేశాను. అప్పయమ్మ చేపల పులుసు పంపింది. అదే పైపు కొలతకు ఇంకో రెండు పైపులు కోసి గీతలు పెట్టాను. ఒకటి ఇక్కడ గోడకు ఉంటుంది, ఇంకొకటి పెసరలంకలో ఉంచేస్తాను.

రేపు ఉదయం ఐదున్నరకు, ఇంజను చల్లగా ఉండగా, నాలుగు నట్లూ అప్పయమ్మ చేత లాగించి చూస్తాను. ఆరింటికి హ్యాండిల్ ఆవిడే తిప్పుతుంది. అది అంటుకున్న శబ్దం విన్నాక కాటా, తాటాకు, ఈ పుస్తకం, సత్యవేణి మూర పైపు తీసుకుని పెసరలంక పడవ ఎక్కుతాను.